క్రెసన్ కొండ మీద కొలువు చదువులు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ నుంచి తూర్పుగా 22వ నంబరు రహదారి మీద సాగిపోతుంటే నేల మెల్లగా ఎత్తెక్కుతుంది. పొలాలు వెనకబడి అడవి ముందుకొస్తుంది. అలెగెనీ కొండల నడినెత్తిన, సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన క్రెసన్ కనిపిస్తుంది. జనాభా రెండువేలు కూడా లేదు. ఈ శిఖరానికి పడమట కురిసిన వాన ఒహాయో, మిసిసిపీ నదుల్లో పడి మెక్సికో సింధుశాఖకు పోతుంది. తూర్పున కురిసింది సస్క్వెహానా నదిలో కలిసి అట్లాంటిక్ దారి పడుతుంది. ఈ నీళ్లు చీలే చోటనే సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే కేథలిక్ కన్యాస్త్రీల సభ నెలకొల్పిన మౌంట్ అలోషియస్ కాలేజీ ఉంది.

పిట్స్‌బర్గ్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలి కూతురు నన్ను అక్కడికి తీసుకెళ్లింది. తనతో పనిచేసే నర్సు ఒకామె చదివింది అక్కడే. “పెద్దమ్మా, పెద్ద యూనివర్సిటీలు అందరూ చూస్తారు. కాలేజీలో పాఠాలు చెప్పినదానివి, నువ్వు చూడాల్సింది ఇలాంటి చోటు” అంది. తెనాలి ప్రాంతంలో పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని. పల్లెటూరి కాలేజీ అనగానే నా మనసు పరుగెత్తింది.

ఆ కాలేజీలో ఏం నేర్పుతున్నారో తెలియాలంటే ముందు ఆ కొండ ఎలా బతికిందో తెలియాలి. 1834 నుంచి 1854 దాకా ఇక్కడ అలెగెనీ పోర్టేజ్ రైల్‌రోడ్ నడిచింది. కాలువల్లో వచ్చిన పడవలను బళ్ల మీదికెక్కించి, పది ఏటవాలు దారుల్లో ఆవిరి యంత్రాలతో, మోకులతో లాగి కొండ దాటించేవారు. ఆ తర్వాత అసలు రైలు వచ్చింది. పడమట జాన్స్‌టౌన్‌లో ఉక్కు, తూర్పున ఆల్టూనాలో రైలింజన్లు, చుట్టూ బొగ్గు గనులు. వంద సంవత్సరాలకు పైగా ఈ కొండ కుటుంబాలు ఆ మూడింటి మీదే బతికాయి. గనులు మూతపడుతూ వచ్చాయి. జాన్స్‌టౌన్‌లో బెత్లెహెమ్ స్టీల్ 1992లో పని ఆపేసింది. 1920లో 67 వేల జనాభా ఉన్న ఆ పట్నంలో 2020 లెక్కలకు మిగిలింది 18 వేలు. వయసులో ఉన్నవాళ్లు వలస పోయారు, పెద్దవాళ్లు ఉండిపోయారు. ఒకప్పుడు కొలిమి పిలిచి ఇచ్చిన కూలిని ఇవాళ ఎక్కువగా ఇస్తున్నది ఆల్టూనా, జాన్స్‌టౌన్ ఆసుపత్రులే. కాలేజీలో నర్సింగు, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ స్కానింగ్, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ, ఫిజియోథెరపీ సహాయకుల కోర్సు ఎందుకున్నాయో ఈ లెక్కే చెబుతుంది.

ఈ సిస్టర్ల కథ డబ్లిన్‌లో మొదలైంది. కేథరిన్ మెకాలీ అనే ఆవిడ తనకు సంక్రమించిన ఆస్తితో 1827లో బ్యాగట్ వీధిలో పేద ఆడపిల్లలకు నీడా, చదువూ, పనీ ఇచ్చే ఇల్లు తెరిచింది. 1831లో సభ ఏర్పడింది. ఆ రోజుల్లో కన్యాస్త్రీలంటే మఠం గోడల మధ్యే ఉండాలి. వీళ్లు మాత్రం వీధుల్లో నడిచి రోగుల ఇళ్లకు వెళ్లేవారు, 1832 కలరాలో ఆసుపత్రిలో సేవ చేశారు. మెకాలీ చనిపోయే ముందు, తన చుట్టూ కూర్చున్న సిస్టర్లకు తాను పోయాక మంచి టీ కాచి ఇవ్వమని చెప్పిందట. ఆ మాట మెర్సీ సిస్టర్ల సంస్థల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. 1843లో ఏడుగురు సిస్టర్లు ఐర్లండ్ నుంచి పిట్స్‌బర్గ్ చేరారు, 1847లో ఆ నగరానికి తొలి ఆసుపత్రి కట్టారు. మరుసటి ఏడే ఈ కొండల్లోని లొరెట్టోకు వచ్చారు. డెమెట్రియస్ గలిట్జిన్ అనే రష్యన్ రాజకుమారుడు సిరిసంపదలు వదిలి కేథలిక్ మతగురువై, 1799లో నెలకొల్పిన ఊరది. అక్కడ 1853లో సిస్టర్లు పెట్టిన బడే 1897లో క్రెసన్ కొండకు మారింది, 1939లో జూనియర్ కాలేజీ అయింది, ఇప్పుడు నాలుగేళ్ల డిగ్రీలూ ఇస్తోంది. అలోషియస్ గొంజాగా అనే పునీతుడి పేరు దానిది. రోములో మహమ్మారి రోగులకు సేవ చేస్తూ 1591లో, ఇరవైమూడేళ్ల వయసులో ప్రాణం విడిచిన యువకుడాయన. విద్యార్థుల వయసు వాడే.

చరిత్ర ఇలా తెలుసుకుని లోపలికి వెళ్లాను కాబట్టి నర్సింగు ప్రయోగశాల నాకు మామూలు గదిలా కనబడలేదు. వరసగా ఆసుపత్రి మంచాలు, వాటి మీద ఊపిరి తీసే, నాడి కొట్టుకునే బొమ్మలు. పక్క గదిలో కూర్చున్న అధ్యాపకురాలు బొమ్మ గొంతుతో “నాకు ఊపిరాడటం లేదు” అంటుంది, రక్తపోటు తగ్గిస్తుంది. మంచం దగ్గరున్న నలుగురు విద్యార్థులు అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఒకమ్మాయి మందు చూసింది, మోతాదు చూసింది, చేతి పట్టీ మీద పేరు సరిచూసింది, సూది సిద్ధం చేసింది. అన్నీ సరిగ్గానే చేసింది. తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు అధ్యాపకురాలు మొదట అడిగింది మందు గురించి కాదు. “ఆవిడ భయపడుతోంది. నువ్వు నీ పేరు చెప్పావా? చెయ్యి పట్టుకున్నావా?” అని. ఆ అమ్మాయి తల ఊపి రాసుకుంది. మోతాదుతో సమానంగా దాన్నీ దిద్దుతున్నారు.

ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ పిల్లలు ఇంకో గదిలో పళ్లెం సర్దుతున్నారు. కత్తెరలు, పట్టకార్లు, సూదులు, గాజుగుడ్డ ముక్కలు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ప్రతిదీ పైకి లెక్కపెడతారు. కోత పెట్టేముందు ఒకసారి, లోపల కుట్లు వేసేముందు ఇంకోసారి, చర్మం మూసే వేళ మళ్లీ. లెక్క తప్పితే సర్జన్ ఎంత పెద్దవాడైనా ఆగాల్సిందే. ఇరవయ్యేళ్ల పిల్ల నోరు తెరిచి “ఒకటి తగ్గింది డాక్టరుగారూ” అనగలగాలి. చేతులకు పని నేర్పడం ఒక ఎత్తు, ఆ మాట అనే ధైర్యం నేర్పడం ఒక ఎత్తు. రెండోది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. రోజూ చేయించి, తప్పినా తిట్టకుండా మళ్లీ చేయిస్తేనే వస్తుంది. తరగతిలో పన్నెండు పదిహేనుమందే ఉంటే అది సాధ్యం. చిన్న కాలేజీకి ఉన్న నిజమైన బలం ఇదేనని నాకు అక్కడ గట్టిగా అనిపించింది.

స్కానింగ్ గదిలో విద్యార్థులు ఒకరి మీద ఒకరు అభ్యాసం చేస్తున్నారు. మన దగ్గర స్కానింగ్ చేసేది డాక్టరే. అక్కడ బొమ్మ తీసేది సోనోగ్రాఫర్, దాన్ని చదివేది రేడియాలజిస్టు. కాబట్టి ఆ పిల్లల చేతి నేర్పు మీద రోగి భవిష్యత్తు ఆధారపడుతుంది. పిత్తాశయం వెతుకుతున్న ఒకతను తన సహాధ్యాయి ముఖం వైపు చూసి, “జెల్లీ చల్లగా ఉంటుంది, చెప్పి పూస్తాను” అన్నాడు. తోటి విద్యార్థికే అలా చెప్పడం అలవాటైతే రేపు డెబ్బయ్యేళ్ల ముసలమ్మకు చెప్పడం మరిచిపోడు.

అన్నిటికంటే నన్ను ఎక్కువసేపు పట్టి నిలిపింది సంకేత భాష తరగతి. గదిలో గొంతులు లేవు, సందడి మాత్రం నిండుగా ఉంది. బధిరులకూ వినగలవాళ్లకూ మధ్య దుబాసీలుగా పనిచేసేవాళ్లను ఇక్కడ తయారుచేస్తారు. ఆసుపత్రిలోగానీ కోర్టులోగానీ బధిరులకు అర్థమయ్యే ఏర్పాటు చేయడం 1990లో వచ్చిన అమెరికన్ వికలాంగుల చట్టం ప్రకారం తప్పనిసరి. అందుకే ఈ చదువుకు కొలువు ఉంది. బధిర రోగి తనకు నొప్పిగా ఉందని సైగ చేస్తే దుబాసీ “నాకు నొప్పిగా ఉంది” అంటుంది. “ఆమెకు నొప్పిగా ఉందట” అనదు. మాట రోగిది, దుబాసీ దాన్ని పెంచకూడదు, తగ్గించకూడదు, గది దాటించకూడదు. ఇంకొకరి మాటను అంత భద్రంగా మోయడం కూడా కనికరమే. మన దేశంలో భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో ఏర్పడింది 2015లో. మన జిల్లా ఆసుపత్రుల్లో సైగలతో అవస్థపడే రోగులను చూసినదాన్ని కనుక, ఆ గదిలోంచి కదలడానికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల హాల్లో విద్యార్థులతో కూర్చున్నాను. చాలామంది పాతిక ముప్పయ్ మైళ్ల లోపు ఊళ్లవాళ్లు. కొందరు రోజూ ఇంటి నుంచే కారులో వచ్చిపోతారు. గని కార్మికుడి మనవరాలు ఒకతె, తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తానేనంది. ఇంకొకామె ఇద్దరు పిల్లల తల్లి, వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేస్తూ నర్సింగులో చేరింది. తాను సేవచేసిన ముసలివాళ్లే తనను చదవమని వెంటపడ్డారని చెప్పింది. కేథలిక్ కాలేజీ అయినా మతం అడిగి చేర్చుకోరు. అయితే ఏ కోర్సు వాళ్లయినా తత్వశాస్త్రమో, మతాల అధ్యయనమో, నీతిశాస్త్రమో కొంత చదవాలి, చుట్టుపక్కల ఊళ్లలో సేవకు వెళ్లాలి. రోగి చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తేల్చుకునేందుకు ఆ పాఠమే పనికొస్తుందని ఆ తల్లి అంది.

నర్సింగు చదువుకు ఉన్న నిచ్చెన మెట్లనూ మనం గమనించాలి. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ. దానితో లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయవచ్చు. ఉత్తీర్ణులైతే రిజిస్టర్డ్ నర్సు, జీతం మొదలవుతుంది. ఉద్యోగం చేసుకుంటూనే మిగతాది పూర్తిచేసి బి.ఎస్. డిగ్రీ తెచ్చుకోవచ్చు. మన జి.ఎన్.ఎం. తర్వాత పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. లాంటి దారే. ఇంటి నుంచి నాలుగేళ్ల ఖర్చు తేలేని పిల్లకు రెండేళ్లకే కాళ్ల మీద నిలబడే మెట్టు దొరకడం చిన్న సంగతి కాదు. ఫీజులు భారీవే. ఫెడరల్ పెల్ గ్రాంటు, రాష్ట్ర గ్రాంటు, కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్పులు పోగా మిగిలింది చాలామంది అప్పు చేసి కడతారు. చదివిన చదువుకు వెంటనే కొలువు దొరకాలన్న ఆరాటం వెనక ఉన్నది ఆ అప్పే.

ఇలాంటి కాలేజీలకు గడ్డుకాలం నడుస్తోంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికాలో జననాలు తగ్గాయి, ఆనాటి పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వస్తున్నారు. ఇదే రాష్ట్రంలో కన్యాస్త్రీలు పెట్టిన కబ్రీనీ యూనివర్సిటీ 2024లో మూతపడింది. పట్నంలో కాలేజీ మూతపడితే పిల్లలు ఇంకో కాలేజీకి పోతారు. కొండల్లో మూతపడితే ఇంటి నుంచి చదివే ఆ తల్లిలాంటివాళ్లు చదువే మానేస్తారు. ఆసుపత్రికి రావలసిన నర్సు రాదు. నష్టం బ్యాలెన్స్ షీటు మీద కనబడదు, పక్క ఊరి ముసలాయన మంచం దగ్గర కనబడుతుంది. అందుకే ఇలాంటి కాలేజీలు నిలవాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఈ పెన్సిల్వేనియాకూ మన గుంటూరుకూ పాత బంధుత్వం ఉంది. ఇక్కడి ఆర్డ్‌మోర్‌లో పుట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చి, స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి కట్టించి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. కేథలిక్కుల్లో జె.ఎం.జె. సిస్టర్లు 1953లో ఏలూరులో సెయింట్ థెరిసా కాలేజీ, 1963లో తెనాలిలో జె.ఎం.జె. కాలేజీ పెట్టారు. ఊళ్లు దాటని ఎందరో ఆడపిల్లలకు డిగ్రీ చేతికొచ్చింది ఆ గేట్ల లోపలే. మనకు ఈ సంప్రదాయం కొత్త కాదు.

కొత్తగా చేయవలసింది మాత్రం ఉంది. పిల్ల ఇంటర్ పాసవగానే మనవాళ్లు అడిగేది ర్యాంకు, ఆ తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత అమెరికా. మన మండలంలో ఏ పనికి మనిషి కొరత ఉందని ఎవరూ అడగరు. డయాలసిస్ టెక్నీషియను, ల్యాబు టెక్నీషియను, ఫిజియోథెరపిస్టు, సంకేత భాషా దుబాసీ కావాలి. మన పల్లె కాలేజీలు పక్కనున్న ఆసుపత్రితో చెయ్యి కలిపి, రెండేళ్లకొక మెట్టు చొప్పున ఈ చదువులు చెప్పాలి. పరీక్షలో సూది గుచ్చడానికి ఎన్ని మార్కులో, గుచ్చేముందు రోగికి చెప్పడానికి అన్ని మార్కులూ వేయాలి. పని నేర్పేవాళ్లు ఒకచోట, మంచితనం నేర్పేవాళ్లు ఇంకోచోట ఉంటే రెండూ అరకొరగానే వస్తాయి. ఒకే గురువు, ఒకే మంచం పక్కన, రెండూ కలిపి నేర్పితే ఆ పిల్ల తన ఊరికి అక్కరకొస్తుంది, ఏ దేశం వెళ్లినా తలెత్తుకుని బతుకుతుంది.