విశ్వదృష్టి – మార్టూరు బడిపిల్లలు

2023లో జి-20 సదస్సుకు భారతదేశం "వసుధైవ కుటుంబకమ్" అన్న మాటను ధ్యేయవాక్యంగా స్వీకరించింది. మహోపనిషత్తు దీనిని ఉదారచరితుల లక్షణంగా చెప్పింది. అయితే హితోపదేశంలోని మిత్రలాభ ప్రకరణంలో ఇదే శ్లోకాన్ని పలికేది ఒక నక్క! లేడి మాంసంపై ఆశతో స్నేహం నటిస్తూ, తనను శంకించిన కాకి నోరు మూయించడానికి అది ఈ మాటను వాడుకుంటుంది. నారాయణ పండితుని పరిహాసం బహు సూక్ష్మమైనది. గోడపై ఈ వాక్యం వ్రాయించే పాఠశాలలు ఆ కథను కూడా చెప్పించడం మంచిది.

మరి విద్యార్థికి విశ్వదృష్టి ఎలా అలవడాలి? నిత్యపూజలోని సంకల్పమే మార్గం చూపుతోంది. కర్త జంబూద్వీపాన్ని, భరతవర్షాన్ని, భరతఖండాన్ని స్మరించి, శ్రీశైలానికి తానే దిక్కున ఉన్నాడో చెప్పుకొని, క్రమంగా తాను కూర్చున్న చోటికి వస్తాడు. అమెరికాలోని ఆలయాలలో పలువురు అర్చకులు క్రౌంచద్వీపమని, రమణకవర్షమని పేర్లు మార్చి చెబుతారు. తానెక్కడ ఉన్నాడో ఎరుగనివాడికి సంకల్పమే కుదరదు, ఇక ప్రపంచజ్ఞానం ఎక్కడిది?

మార్టూరు పరిసరాలలో ఈ బోధనకు సామగ్రి కొదువ లేదు. చేలో పండే మిరప ఈ నేలన పుట్టినది కాదు. అది అమెరికా ఖండంలో జన్మించి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు నావలతో మన తీరం చేరింది. అంతకుముందు మన వంటలకు మిరియాలే కారం. ఆబ్దికపు వంటలో మిరియమే వాడే ఆచారం పలు గృహాలలో నేటికీ ఉన్నది. ఇప్పుడు గుంటూరు మిరప చైనాకు, బంగ్లాదేశ్‌కు ఎగుమతి అవుతోంది. ఉపాధ్యాయుడు ముందు తాను ఈ సంగతులు తెలుసుకుంటే, ఒక ఎండుమిరపకాయను చేతబట్టి చరిత్ర, భూగోళం, వాణిజ్యం మూడూ చెప్పవచ్చు.

ఇక గ్రానైటు. బల్లికురవ ప్రాంతపు రాతిని తవ్వేవారిలో, మార్టూరు కర్మాగారాలలో కోసి మెరుగుపెట్టేవారిలో ఎందరో పరరాష్ట్రీయులు. 2025 ఆగస్టులో బల్లికురవ వద్ద క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కార్మికులు మృతిచెందారు. జపాను రాజధాని పేరు తడుముకోకుండా చెప్పే విద్యార్థి, ఆ ఆరుగురి రాష్ట్రం పటంలో చూపగలడా? వారి ఇళ్లలో ఏ భాష మాట్లాడతారో ఎరుగునా? తరగతిలో ఒడియా మాట్లాడే బిడ్డ ఉంటే నీటిని, అన్నాన్ని, అమ్మను తమ భాషలో ఏమంటారో ఆ బిడ్డచేతనే చెప్పించవచ్చు. అందుకు ధనవ్యయం లేదు, ప్రత్యేక శిక్షణా అక్కరలేదు. వెనుక వరుసలో మౌనంగా కూర్చునే ఆ బిడ్డ ఆ పూటకు తరగతికి గురువు అవుతుంది.