నాలుక కింద మాత్ర

గుండెనొప్పి ఉన్న పెద్దవాళ్ళు సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. మా నాన్నగారి చొక్కా జేబులో ఆ స్ట్రిప్ ఎప్పుడూ ఉంటుంది. మొన్న ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి, "మేడమ్, మా తాతగారు అది మింగరండి. మరి నొప్పి ఎలా తగ్గుతుందండి?" అని అడిగాడు. పాఠంలో జవాబు లేని ప్రశ్న. అలాంటివే నాకిష్టం.

కాట్రేనికోన పిల్లలకు కాలువల గురించి వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు శివారున ఉన్న మన చేలదాకా రావాలంటే దారిలో తూములు సరిగ్గా తెరవాలి, మూయాలి. ఒంట్లో ఆ తూములు సన్నటి చిన్న ధమనులు. వాటి చుట్టూ ఉన్న కండరం బిగిస్తే దారి ఇరుకవుతుంది, సడలితే వెడల్పవుతుంది. ఒంటినిండా తూములు బిగిసి ఉంటే పైకాలువలో మట్టం పెరిగినట్టే బీపీ పెరుగుతుంది.

మరి లస్కరు ఎవరు? నాళం లోపలివైపు ఒకే వరసలో పరిచినట్టుండే కణాలు. పేరు ఎండోథీలియం. చాలాకాలం దాన్ని ఉత్త అస్తరు గుడ్డలాగే చూశారు. 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలమీద ఎసిటైల్‌కోలిన్ వేసి చూపించారు. లోపొర ఉన్న ముక్క సడలింది. లోపొర గీకేసిన ముక్క అదే మందుకు బిగిసింది! లోపొర కండరానికి పంపే కబురు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఆయనతోపాటు ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. తాతగారి మాత్ర ఒంట్లో ఇచ్చేదీ ఆ వాయువునే. నాలుక కింది పల్చటి పొరలోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి మింగే పనిలేదు.

చిన్న ధమనుల్లో ఇంకో ఏర్పాటుంది. లోపొర కణాలు సన్నటి కొసలు చాచి కండరాన్ని తాకుతాయి. కండరం మరీ బిగుస్తుంటే ఆ సంగతి కొసల ద్వారా లోపొరకు చేరుతుంది. అది వెంటనే "ఇక చాలు" అని సడలిస్తుంది. ఈ లస్కరుకు ప్రతిసారీ పై ఆఫీసు నుంచి ఆర్డరు రానక్కర్లేదన్నమాట. అవసరమైతే బిగించే పదార్థమూ ఇదే పంపుతుంది. ఎండోథీలిన్ అనే దాన్ని 1988లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు.

సిగరెట్ పొగ, అదుపులో లేని షుగర్, ఏళ్ళతరబడి పట్టించుకోని బీపీ ఈ పొరను పాడుచేస్తాయి. వేగంగా నడిచినప్పుడు రక్తం జోరుగా ఒరుసుకుపోవడంతో లోపొర ఆ వాయువును ఎక్కువగా వదులుతుంది. డాక్టరుగారు నడవమనేది బరువు కోసమే కాదండి.

పిల్లలకు ఇంట్లో ఎవరెవరు బీపీ ఎప్పుడు చూపించుకున్నారో రాసుకురమ్మని హోంవర్క్ ఇచ్చాను. తాతయ్య, నానమ్మల వరసలు నిండాయి. అమ్మ, నాన్న వరసల్లో చాలామంది "తెలీదు" అని రాశారు. ఆ పేజీ సైన్స్ నోట్‌బుక్ చివర ఉంటుంది. వచ్చే సోమవారం మళ్ళీ చూస్తాను.