చెంచా వాడి చేతిలోనే

చిత్తూరు నుంచి వేలూరుకు మా అన్న కొడుకు పంపితే వెళ్లాను. "చిన్నాయనా, నువ్వొకసారి చూసి రా. అక్కడ చేర్చాలా, ఇంట్లోనే చేయించాలా చెప్పు" అన్నాడు. వాడి ఎనిమిదేళ్ల కొడుకు బైకు మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. నాలుగేళ్లు దాటితే పెట్టుకోవాల్సిందేనని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెప్పినా, మా ఇంట్లో ఎవరు విన్నారు! తలకు ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టిన ఆసుపత్రివాళ్లు డిశ్చార్జి కాగితం చివర ఒక్క ముక్క రాశారు: ఫిజియోథెరపీ చేయించండి. బిల్లు మాత్రం పద్దెనిమిది పేజీలు.

నేను చూడ్డానికి వెళ్లింది వేలూరు బాగాయంలోని పునరావాస కేంద్రం. దాన్ని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) 1966లో తెరిచింది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డాక, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పట్టుదల అది.

అంతా తిప్పి చూపిస్తామన్నారు. నేను ఆక్యుపేషనల్ థెరపీ గదిలో ఒక బల్ల దగ్గరే ఆగిపోయాను. మావాడి ఈడు పిల్లాడు, ముందర పెరుగన్నం గిన్నె. థెరపిస్టు అమ్మాయి తినిపించడం లేదు. ముందు వాడి పాదాలు పీట మీద ఆనేలా సర్దింది. గడ్డం కాస్త కిందికి దించింది. తల వెనక్కి వాలితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసి వాడి గుప్పిట్లో పెట్టింది. తన అరచెయ్యి వాడి మోచేతి కింద ఉంది. ఎత్తడం లేదు, జారకుండా కాస్తోంది అంతే. చెంచా గడ్డం దాకా వచ్చి ఒరిగిపోయింది. మళ్లీ ముంచారు. మళ్లీ ఒరిగింది.

పక్కనే ఉన్న వాడి తల్లి, పలమనేరు ఆమె, ఆగలేకపోయింది. "నేను పెడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా మేడమ్!"

"అరగంట పట్టనీ అక్కా. రేపు నా చోట మీరే కూర్చోవాలి" అంది ఆ అమ్మాయి, తమిళం కలిసిన తెలుగులో.

ఇంటికొచ్చే ఫిజియో కాళ్లూ చేతులూ వంచి వెళ్తాడు. మంచిదే. కానీ దెబ్బ తగిలింది మెదడుకు. మింగడం, మాట, మతిమరుపు, ఉన్నట్టుండి వచ్చే కోపం ఎవరు చూడాలి? ఇక్కడ ఇవన్నీ చూసేవాళ్లంతా ఒకే పిల్లాడి గురించి కలిసి మాట్లాడుకుంటారు, బడి సంగతితో సహా. వారాల తరబడి రోజంతా అదే పని. తల్లో తండ్రో కూలి మానుకుని ఉండాలి, అదే కష్టం. ఆపరేషన్‌కు పొలం అమ్మినవాళ్లమే దీనికి "ఇంకా ఖర్చా?" అంటాం. మా వైపు ట్రామా సెంటర్ బోర్డులు పెరుగుతున్నాయి. ఆ తర్వాతి పనికి మాత్రం ఇంకా రాష్ట్రం దాటుతున్నాం.

గేటు దాటకముందే అన్న కొడుకుకు ఫోన్ చేశాను. సోమవారం తీసుకురమ్మన్నాను. స్కాన్లతో పాటు పిల్లాడి మూడో తరగతి పుస్తకాలు కూడా తెమ్మన్నాను.