కొండపల్లికి కాపురపు బండి

గత వేసవిని మేము దివిసీమనుండి కొండపల్లికి కాపురము మార్చితిమి. సామానులన్నియు ట్రాక్టరు వెనుక రెండుచక్రముల పెద్ద ట్రక్కున కెక్కించితిమి. అంతకుమున్ను మా యింట నెవ్వరును ట్రక్కు తగిలించి తోలినవారు కారు. మావారు తోలుచుండ, మేము పిల్లలతో వెనుక ఆటోలో వచ్చుచుంటిమి.

మొదటి మలుపుననే ట్రాక్టరు చక్కగా సాగినను, ట్రక్కుచక్రము లోపలికి జరిగి కాలువగట్టు అంచును తాకెను. మా గుండె ఝల్లుమనెను. పిదప మావారు ప్రతి మలుపును దూరముగ పోయి త్రిప్పిరి. బెజవాడ దాటి కొంత దూరము పోయిన పిమ్మట, రెడ్డిరాజులనాటి దుర్గము కొండపై కానవచ్చెను.

బొమ్మలవారి వీధిలో ట్రక్కును వెనుకకు నడుపవలసివచ్చెను. చక్రమును కుడికి త్రిప్పగా ట్రక్కు ఎడమకు పోయి, అరుగుపై ఆరుచున్న బొమ్మలమీదికి మరలెను. మేము కేకవేయగా జానెడు దూరమున నిలిచెను. అరుగుమీది ముసలమ్మ కోపింపలేదు. తెల్లపొణికి కొయ్యతో చేసి, చింతగింజలపిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిన బొమ్మబండి నొకటి, ఎడ్ల నింకను అతుకనిదానిని, నేలనుంచి, “నొగను కుడికి నెడితే వెనకభాగం ఎడమకి పోతుందమ్మా. కొద్దికొద్దిగా నెట్టించు” అని చూపెను.

మూడవమారు ట్రక్కు మా వాకిట చేరెను. ఆ బండిని కొని గూటిలో నుంచితిమి. వెనుక బరువున్నపుడు తొందర తగదని అది నేటికిని మాకు చెప్పుచున్నది.