ఆరు డాలర్ల కోటు

మా ఊరిలో పాత సామాను బేరమంటే స్టీలు గిన్నెలావిడతోనే. నాలుగు పాత చీరలు వేస్తే ఒక గిన్నె ఇచ్చేది. "ఇంకొక్క చీర వేయమ్మా" అని ఆమె, "ఇక లేవు పో" అని నేను. అరగంట గడిచేది. ఆ సంతోషము సహోదరీలందరికీ తెలిసినదే.

అయితే ఒకరు వాడిన వస్తువు కొనడము మాకు నామోషీ. 2016లో మా వారూ నేనూ అమెరికాలోని ఓహాయో రాష్ట్రములో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఆ నామోషీ పోయింది. అక్కడ శనివారము ఉదయమున కారు షెడ్డు తలుపు తెరచి, అక్కరలేని వస్తువులు బల్లలమీద పేర్చి, ధర చీటీలు అంటించి అమ్ముతారు. దీనిని గరాజ్ సేల్ అంటారు. మంచివి కావాలంటే పెందలకడనే వెళ్లాలి. 1987లో మొదలై, ఇప్పుడు ఏటా ఆగస్టులో నాలుగు రోజులు, అలబామా మొదలు మిషిగన్ వరకు 690 మైళ్ల దారి పొడవునా ఇటువంటి అమ్మకాలు జరుగుతాయి. ఆ దారి ఓహాయో మీదుగానే పోతుంది.

మా వారు రిటైరైన లెక్కల మాస్టారు. ఒక ఇంటివద్ద ఉన్ని కోటుకు 10 డాలర్ల చీటీ ఉంది. ఆయన ఆరు వేళ్లు చూపారు. ఇంటాయన ఎనిమిది చూపాడు. మా పశువుల సంతలో తువ్వాలు క్రింద జరిగే బేరము అక్కడ బాహాటముగా జరిగింది! కోటు ఆరుకే వచ్చింది. ఊరికి వచ్చాక ఆ కథ ఎంతమందికి చెప్పారో!

2021లో మా వారు ప్రభువునందు నిద్రించారు. 2023 సెప్టెంబరులో ఒంటరిగా వెళ్లాను. అమ్మాయి వాళ్లు ఇల్లు మారుతూ గరాజ్ సేల్ పెట్టారు. బీరువాలో ఆ కోటు ఉంది. "ఇది వద్దులే అమ్మా" అన్నది అమ్మాయి. నేనే తెచ్చి బల్లమీద పెట్టాను. ధర చీటీ మాత్రము అంటించలేకపోయాను.

మధ్యాహ్నము ఒక యువకుడు దానిని తొడిగి చూసుకున్నాడు. పనికోసము వేరే దేశమునుండి వచ్చాడట. అతనికి అక్కడ అదే మొదటి చలికాలమట. "ఊరకే తీసుకో నాయనా" అని అమ్మాయిచేత చెప్పించాను. అతడు తల అడ్డముగా ఊపి కోటు విప్పబోయాడు. నాకు అర్థమైంది. ఆరు వేళ్లు చూపాను. అతడు నవ్వి నాలుగు చూపాడు. అయిదుకు బేరము తెగింది.

ఎండగా ఉన్నా అతడు కోటు విప్పకుండానే వీధి చివరివరకు నడిచి వెళ్లాడు. ఆ అయిదు డాలర్ల నోటు నా బైబిలులో ఉంది.

ప్రియ సహోదరీలారా, ఇవ్వడము మంచిదే. అయితే పుచ్చుకొనేవారు తల ఎత్తుకొని వెళ్లేటట్లు ఇవ్వాలంటే, ఒక్కొక్కసారి ధర చెప్పి బేరమాడాలి.