దొంగ వేసిన తాళం

నాన్న బండికి తాళం మార్పించిన కథ ఇది. తాళం సంగతి ఒక్కటే అయితే ఐదు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. మిగతాది చెప్పుకోవాలంటేనే కాస్త సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన పని మనలో చాలామందిమి ఆఫీసులో రోజూ చేసేదే.

మాది బోనకల్లుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఓ పల్లె. ఖమ్మం జిల్లా అనగానే మా టీములో వాళ్ళు భద్రాచలం, గోదావరి, అడవి అని మొదలెడతారు. ఆ అడవంతా అటువైపు. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు భద్రాచలం కొత్తగూడెం జిల్లాలోకి వెళ్ళిపోయింది కూడా. మాది సాగర్ ఎడమ కాలువ కింద పత్తి, మిరప, మొక్కజొన్న పండే మైదానం. దాటితే ఎన్టీఆర్ జిల్లా, 2022 దాకా అది కృష్ణా జిల్లా. ఖమ్మానికీ మధిరకీ మధ్యలో రైల్వే స్టేషను ఉండటం మా బోనకల్లుకున్న పెద్ద గొప్ప.

ఇక బండి. వంద సీసీది, మన ఊళ్ళల్లో సగం ఇళ్ళ ముందు కనిపించే రకం. కంపెనీ పేరెందుకులెండి. 2009లో, రెసిషన్ దెబ్బకి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీక బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో, జీతంలో మిగిల్చి నాన్నకి కొనిపెట్టాను. ఆ తర్వాత నేను హైదరాబాదులో రెండు కార్లు మార్చాను, ఆయన మాత్రం ఆ బండి మార్చలేదు. "కొత్తది కొంటాను నాన్నా" అంటే, "దీనికేమైందిరా, కొడితే ఒక్క కిక్కుకే లేస్తది" అంటాడు.

2025 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నాన్న మిర్చి రేటు కనుక్కుందామని ఖమ్మం మార్కెట్టుకెళ్ళాడు. ఆ ఏడు మిర్చి ధర పడిపోయి రైతులంతా దిగాలుగా ఉన్నారు. ఎప్పట్లాగే బోనకల్లు స్టేషను బయట వేపచెట్టు కింద బండి పెట్టి, హ్యాండిల్ లాక్ వేసి, రైలెక్కాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చేసరికి హ్యాండిల్ లాక్ విరిగిపోయి ఉంది. తాళంచెవి పెట్టే కన్నం స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి నోరు తెరిచినట్టుంది. దాని కింద తీగలు పేగుల్లా వేలాడుతున్నాయి. బండి మాత్రం అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే నేను ఖమ్మంలో దిగి, బస్సెక్కి బోనకల్లు వచ్చేసరికి వేపచెట్టు కింద ఓ చిన్నపాటి సభ నడుస్తోంది. మధ్యలో బండి, చుట్టూ టీ గ్లాసులు పట్టుకున్న పది మంది. సభ అప్పటికే తీర్పు కూడా చెప్పేసింది. షెడ్డులో పనిచేసే కుర్రాడే దొంగ! షెడ్డంటే ఖమ్మం రోడ్డు మీదున్న మెకానిక్ షాపు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. పదో తరగతి తప్పి పనిలో చేరాడు. "నిన్న సాయంత్రం ఇటే తిరిగాడండీ, నా కళ్ళతో చూశా" అన్నాడు ఒకాయన. "బండ్ల సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవడికి తెలుసు?" అన్నాడు ఇంకొకాయన. రెండు వారాల క్రితం కార్బొరేటర్ కడిగిన డబ్బుల దగ్గర వాడికీ నాన్నకీ చిన్న మాటామాటా వచ్చిందట. అది మూడో సాక్ష్యం.

నేను విన్నాను. విని ఊరుకోలేదు. పద్ధెనిమిదేళ్ళుగా బగ్గులు వెతికే బుర్ర కదా, ఠకీమని లెక్క కట్టింది: అవకాశం ఉంది, పనితనం ఉంది, కోపం ఉంది. మూడూ ఒకడి దగ్గరే ఉన్నాయి. ఇంకేం కావాలి? కొట్టులో తెల్లకాయితం అడిగి తీసుకుని స్టేషన్లో ఇవ్వడానికి ఫిర్యాదు రాయడం మొదలెట్టాను. (ఈ స్టేషన్ రైళ్ళది కాదు, పోలీసులది.) "నాకు ఫలానా వ్యక్తి మీద అనుమానం ఉన్నది" అని పేరుతో సహా రాసేశాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివాడు. కోప్పడలేదు.

"నీకు ఆదివారం రైలుందిరా. వాడు ఇక్కడే ఉంటాడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అంటే, మాటలు అర్థమయ్యాయి గానీ అందులోని బరువు తెలీలేదు. "లాజికల్‌గా ఆలోచించు నాన్నా" అని కూడా అన్నాను, తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన మాత్రం "ముందు బండి బాగుచేయిద్దాం పద" అని, న్యూట్రల్ చేసి నెట్టుకుంటూ బయల్దేరాడు. ఎక్కడికి? సరిగ్గా ఆ షెడ్డుకే! దారిలో కాయితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

షెడ్డు యజమాని ఏదో పెళ్ళికి పోయాడు, కుర్రాడొక్కడే ఉన్నాడు. బండిని చూడగానే "అయ్యో, ఏమైంది పెద్దయ్యా?" అంటూ చేతిలో ఉన్న పని వదిలేసి వచ్చాడు. నేను వాడి మొహంలో తప్పుచేసినవాడి గుర్తులు వెతుకుతున్నాను. వాడు హెడ్‌లైటు విప్పి, వేలాడుతున్న తీగల్ని పైకి లాగి చూశాడు. చూసి నవ్వాడు.

"ఎవడో సినిమాలు బాగా చూసినోడన్నా. ఇదిగో చూడు, నాలుగు తీగలూ కోసి, అన్నీ కలిపి మెలేశాడు."

"అలా కలిపితే స్టార్టవుతుంది కదా?" అన్నాను. నేనూ సినిమాలే చూశాను మరి :)

"అవ్వదన్నా. ఇంజనుని ఆపాలంటే చేసే పని అది."

ఆ తర్వాత వాడు చెప్పింది కాస్త వివరంగా చెప్తాను. తాళం తిప్పితే కరెంటు పోతుంది, ఇంజను ఆగుతుంది, ఇంట్లో లైటు స్విచ్చిలాగా, అని మనం అనుకుంటాం. కార్లలో దాదాపు అంతే. కానీ పాతతరం చిన్న బళ్ళల్లో చాలావాటికి ఇంజనులో తిరిగే మాగ్నెట్టు పక్కన ఒక కాయిల్ ఉంటుంది. కిక్కు కొట్టగానే అందులో పుట్టే కరెంటు సీడీఐ అనే చిన్న డబ్బాలోకి పోతుంది, అక్కణ్ణించి ప్లగ్గులో నిప్పురవ్వ వస్తుంది. దీనికి బ్యాటరీతో పనిలేదు. బ్యాటరీ చచ్చిపోయినా ఊళ్ళల్లో బళ్ళు కిక్కుతో లేస్తాయి చూడండి, అందుకే. మరి తాళం చేసే పనేమిటి? ఆఫ్‌లో పెట్టినప్పుడు అది నిప్పురవ్వ పుట్టించే కరెంటుని ఎర్తుకి, అంటే బండి ఛాసిస్‌కి మళ్ళించేస్తుంది. ప్లగ్గు దాకా ఏమీ చేరదు, ఇంజను ఆగిపోతుంది.

ఇప్పుడు మన దొంగగారు చేసిందేమిటి? నాలుగు తీగల్లో ఒకటి ఎర్తు. అన్నిట్నీ కలిపి మెలేసేసరికి సీడీఐ తీగ పోయి ఎర్తుకి అతుక్కుంది. అంటే తాళాన్ని పగలగొట్టినవాడే తన చేతుల్తో మళ్ళీ తాళం వేశాడు! పైగా బ్యాటరీ నుంచొచ్చే ఎర్ర తీగ కూడా ఎర్తుకి తగలడంతో టప్పున ఫ్యూజు కొట్టేసింది. ఆ పైన ఎన్ని కిక్కులు కొట్టుంటాడో పాపం. కిక్కు రాడ్డు రబ్బరు కూడా ఊడిపోయి ఉంది.

నేను వెంటనే ఫోన్లో ఆ మోడల్ వైరింగ్ బొమ్మ వెతికాను. కుర్రాడి మాట నమ్మలేక అని ఒప్పుకుంటున్నాను. బొమ్మలో వాడు చెప్పినట్టే ఉంది. షెడ్డులో ఉన్న మల్టీమీటరు తీసుకుని పెట్టి చూశాను, ఆ ముడి నుంచి ఛాసిస్‌కి కయ్యిమని కూసింది. ముడి విప్పాక కూత ఆగిపోయింది.

అప్పుడు తట్టింది అసలు సంగతి. ఈ బండి మీద చేయి వేసినవాడికి బళ్ళ గురించి ఏమీ తెలీదు. నేను సాక్ష్యం అనుకున్న "పనితనం" ఆ తీగల్లో లేనేలేదు. తెలిసినవాడికి ఆ కన్నాన్ని స్క్రూడ్రైవరుతో పొడవాల్సిన పనే లేదు. రోజుకి నాలుగు బళ్ళ తీగలు విప్పే కుర్రాడు చీకట్లో కళ్ళు మూసుకునైనా ఈ తప్పు చెయ్యడు. కావాలని తప్పు చేసుండొచ్చు కదా అంటారా? నేనూ అనుకున్నాను. కానీ బండి కావాలనుకున్నవాడు బండి లేవకుండా ఎందుకు చేసుకుంటాడు? పగబట్టి పాడుచెయ్యాలంటే టైరు కోసి పోవచ్చు, ట్యాంకులో గుప్పెడు చక్కెర పోసి పోవచ్చు. హ్యాండిల్ లాక్ విరిచి, అన్నన్ని కిక్కులు కొట్టి చెమటోడ్చాల్సిన ఖర్మేంటి?

జేబులో కాయితం గుచ్చుకుంటోంది.

రిపేరు సంగతి. తాళం ఒక్కటే మారిస్తే పెట్రోలు ట్యాంకు మూతకి పాత చెవి, బండికి కొత్త చెవి, జన్మంతా రెండు తాళాల గొడవ. అందుకని సెట్టు మొత్తం తెప్పించమన్నాడు: ఇగ్నిషన్ స్విచ్చి, ట్యాంకు మూత, పక్క డొప్ప తాళం, మూడింటికీ ఒకటే చెవి. ఖమ్మంలో కొనుక్కొచ్చాను, వెయ్యి రూపాయల లోపే అయింది. వాడు ఉత్తినే టేపు చుట్టి వదల్లేదు. కోసిన చోట ఒక్కో తీగా తొక్క తీసి, రంగుకి రంగు కలిపి, టంకం పెట్టి, పైన స్లీవు తొడిగాడు. "వట్టి టేపయితే వానాకాలం నీళ్ళు దిగి బండి మధ్య దారిలో ఆగిపోద్దన్నా" అన్నాడు. కొత్త ఫ్యూజు వేసి తాళం తిప్పాడు. హారన్ మోగింది, ఇండికేటర్ వెలిగింది. నాన్న ముందుకొచ్చి కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే లేచింది. ఆ బండి కాయితాల మీద ఉన్నది నా పేరే అయినా, దాని శబ్దం విని నాన్న మొహంలో వచ్చిన వెలుగు చూస్తే ఎవరిదో తెలుస్తుంది.

చేసిన పనికి మూడొందలు చాలన్నాడు. నాన్న ఐదొందలిచ్చి, "మొన్నటి కార్బొరేటర్ డబ్బులు కూడా ఇందులోనే" అన్నాడు. మూడో సాక్ష్యం కూడా అలా తీరిపోయింది.

రాత్రి మంచం మీద పడుకుని ఆలోచిస్తే నాకు నా ఉద్యోగమే కనిపించింది. ప్రొడక్షన్లో ఏదో పగులుతుంది. లాగులు తెరిచే లోపే కాన్ఫరెన్స్ కాల్లో "చివర కోడ్ పెట్టిందెవరు?" అని మొదలవుతుంది. ఆ పేరు ఎక్కువగా కొత్తగా చేరినవాడిదో, అప్పుడు కాల్లో లేనివాడిదో అయ్యుంటుంది. రెండు గంటల తర్వాత అసలు కారణం ఇంకెక్కడో దొరుకుతుంది. "ఓ, సారీ" అనుకుని మర్చిపోతాం. అక్కడ పోయేది మహా అయితే ఒక రేటింగు. బోనకల్లులో ఆ కుర్రాడి పేరు పోలీస్ స్టేషన్ కాయితం మీదకెక్కితే? తర్వాత నిర్దోషి అని తేలినా, ఎవరి తాళంచెవి వాడి చేతికిస్తారు? మెకానిక్కుకి ఉన్న ఆస్తల్లా ఊరంతా తమ తాళాలు వాడికిచ్చి పోవడమే. నాన్న అన్న మాట బరువు అప్పుడు తెలిసింది. నేను రైలెక్కి వచ్చేస్తాను, వాడు అక్కడే ఉండాలి.

ఇంకో మాట. తాళంచెవి ఉంటే చాలు, మన బండి భద్రం అని మనకో నమ్మకం. చెవి నిజంగా తనదేనా అని ఇంజను అడగాలంటే ఇమ్మొబిలైజర్ కావాలి. చెవిలో చిప్పు చెప్పే సంకేతం సరిపోతేనే ఇంజను లేస్తుంది. అది లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఉన్నవాళ్ళకి తెలుసు. అక్కడ అమ్మిన 2011-2021 మోడళ్ళ హ్యుండాయ్, కియా కార్లలో చాలావాటికి అది లేదు. ఆ కిటుకు 2021, 22ల్లో వీడియోల్లో పాకేసరికి పిల్లకాయలు కూడా కార్లు ఎత్తుకుపోయారు. పక్కనే ఉన్న కెనడాలో 2007 నుంచే కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. మన నాన్నల బళ్ళకి అవేమీ లేవు. కాబట్టి హ్యాండిల్ లాక్ తోపాటు చక్రానికి ఓ గొలుసూ తాళం కొనివ్వండి. ఇన్సూరెన్సు కాయితం ఓసారి తీసి చూడండి, వట్టి థర్డ్ పార్టీ అయితే దొంగతనానికి పైసా రాదు. తాళం మారిస్తే బిల్లు దాచండి, బండి పోతే క్లెయిముకి రెండు చెవులూ అడుగుతారు.

ఆదివారం పొద్దున వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. బండి పోకపోయినా దొంగతనానికి ప్రయత్నించడం కూడా నేరమే. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో దానికి సెక్షన్లున్నాయి. ఈసారి "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాశాను. పాత కాయితం ముక్కలు చేసి కాలువలో వేశాను. దొంగ దొరకలేదు.

ఇప్పటికీ నాన్న బండి ఆ కుర్రాడే చూస్తాడు. నేనెప్పుడెళ్ళినా "ఏమన్నా, బాగున్నావా" అని పలకరిస్తాడు. వాడి మీద నేను కాయితం రాశానన్న సంగతి వాడికి తెలీదు. చెప్పి క్షమించమని అడిగితే నా బరువు దిగుతుంది, నిజమే. కానీ ఊరంతా తనని దొంగనుకుందన్న బరువు వాడి నెత్తినెక్కుతుంది. చెప్పకుండా ఉంటే మాత్రం వాడు "అన్నా" అన్న ప్రతిసారీ గుచ్చుకుంటోంది.

మీరైతే ఏం చేస్తారు?