ఉల్లిపొట్టు ఈస్టర్

మా గుంటూరు ఇంట్లో ఈస్టర్‌కి ఇల్లు అలంకరించే అలవాటు లేదు. క్రిస్మస్‌కైతే గుమ్మానికి నక్షత్రం, గోడలకు సున్నం. ఈస్టర్‌కి ఆ సున్నమూ ఆ పూలూ సమాధుల తోటకు వెళ్లేవి. శనివారం సాయంత్రం నాన్న బకెట్లో సున్నం కలుపుకుని వెళ్లి తాతయ్య సమాధికి పూసి వచ్చేవారు. ఆదివారం చీకటితోనే అందరం బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని బయల్దేరేవాళ్లం. అక్కడే పాటలు, అక్కడే ప్రార్థన, తెల్లారాక చర్చి. ఇంటికొచ్చాక, శ్రమల దినాల్లో ముట్టని మాంసం పొయ్యెక్కేది. బల్ల మీద ఏ గుడ్డ పరిచామన్న ప్రశ్నే లేదు. చాపలు పరుచుకుని తినేవాళ్లకి బల్లెక్కడిది?

జర్మనీలోని ఎర్లాంగెన్ వచ్చాక చూస్తే ఇక్కడ ఈస్టర్ సగం ఇంట్లోనే జరుగుతుంది. ఫిబ్రవరి దాటకముందే సూపర్‌మార్కెట్లో చాక్లెట్ కుందేళ్లు, ప్లాస్టిక్ గుడ్లు, గంపల్లో పరిచే ఆకుపచ్చ కాగితపు గడ్డి. ఇదంతా వట్టి వ్యాపారమని తీసిపారేశాను. ఆ గడ్డి విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఏడాది పొడవునా సోఫా కింద నుంచి వస్తూనే ఉంటుంది.

ఒక మార్చిలో కింది అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టారు. "మీ ఇంట్లో ఉల్లిపాయలు బాగా వాడతారు కదా, పొట్టు పారేయకండి, నాకు కావాలి" అన్నారు. వాసనను బట్టే లెక్క కట్టి ఉంటారు. ఆవిడ నెలన్నర కూడబెట్టే పొట్టు మా ఇంట్లో వారానికే వస్తుంది. సంచి నింపి పట్టుకెళ్తే నన్ను లోపలికి పిలిచి గుడ్లకు రంగు వేయడం చూపించారు.

పొట్టును పెద్ద గిన్నెలో నీళ్లు పోసి అరగంట మరిగిస్తే డికాక్షన్‌లా ఎర్రగా దిగుతుంది. వడకట్టి, చల్లారాక ఒక చెంచా వెనిగర్. గుడ్డును తడిపి దాని మీద పార్స్లీ ఆకో, పెరట్లో దొరికే మూడాకుల క్లోవరో అతికిస్తారు. ఆకు కదలకుండా పాత నైలాన్ మేజోడు ముక్కలో గుడ్డును బిగించి, వెనక దారంతో ముడేస్తారు. ఆ నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, పొయ్యి కట్టేసి అందులోనే వదిలేస్తారు. ఎంతసేపుంటే అంత ముదురు రంగు. తెల్ల గుడ్డయితే నారింజ ఛాయ, గోధుమరంగు గుడ్డయితే టేకు చెక్క రంగు. మేజోడు కత్తిరించి ఆకు ఒలిచేస్తే, ఆ ఎరుపు మీద ఈనెలతో సహా ఆకు లేత రంగులో నిలబడి ఉంటుంది. చివర్లో నూనె చుక్కతో తుడిస్తే మెరుపు. ఇప్పుడు నేను కొత్తిమీర అతికిస్తాను, దాని అంచులు పార్స్లీ కంటే సన్నగా దిగుతాయి. కరివేపాకు కూడా బాగుంటుంది కానీ, ఇక్కడ దాని ధరకి గుడ్డుకు చుట్టబుద్ధి కాదు.

గుడ్డే ఎందుకంటే, పూర్వం ఇక్కడి శ్రమల దినాల్లో మాంసంతో పాటు గుడ్డూ నిషేధమే. మనుషులు ఉపవాసమున్నారని కోళ్లు మానేయవుగా! పోగుపడిన గుడ్లు పండగనాటికి ఉడికి, రంగు పూసుకుని, పంపకానికి వెళ్లేవి. కుందేలు తర్వాతెప్పుడో వచ్చి చేరింది. గుడ్లు తెచ్చే కుందేలు గురించి 1682లో గేయోర్గ్ ఫ్రాంక్ అనే వైద్యుడు రాశాడు.

గుడ్ల తర్వాత కొమ్మలు. ఫోర్సిథియా కొమ్మలు మొగ్గల మీద ఉండగా కోసి గోరువెచ్చని నీళ్లలో పెడితే ఇంటి వెచ్చదనానికి వారం పది రోజుల్లో పసుపుపచ్చగా విచ్చుకుంటాయి. వాటికి ఖాళీ గుడ్డు పెంకులు వేలాడదీయాలి. గుడ్డుకు రెండు కొసలా సూదితో బెజ్జం చేసి, లోపలిది ఊది తీసేస్తారు. దారం మధ్యలో సగం విరిచిన అగ్గిపుల్ల కట్టి పై బెజ్జంలోంచి నిలువుగా లోపలికి జారవిడిస్తే అది అడ్డం తిరిగి పట్టుకుంటుంది. ఊదిన గుడ్లతో రెండు మూడు రోజులు ఆమ్లెట్లే. పెద్దావిడ పెంకుల మీద గీసే ముగ్గు వేరే: ఈక మొన కరిగిన మైనంలో ముంచి చుక్కలు పెట్టి, రంగులో ముంచి, దీపం సెగకి మైనం తుడిచేస్తారు. తూర్పున లౌసిట్జ్ ప్రాంతంలోని సోర్బుల పద్ధతి అది. నాకింకా చెయ్యి తిరగలేదు.

కొమ్మ ఎప్పుడు కోయాలన్నది చంద్రుడి చేతిలో ఉంది. మార్చి 21 నాడో ఆ తర్వాతో వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్. 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20. ముందొచ్చిన ఏడు తోటలో మోళ్లే, అంతా ఇంట్లో పూయించుకోవాలి. ఆలస్యమైతే పెరట్లోకి కత్తెర పట్టుకుని వెళ్తే చాలు.

ఇళ్ల సంగతి అలా ఉంచితే, మాకు దగ్గర్లోని ఫ్రాంకోనియన్ స్విట్జర్లాండ్ కొండపల్లెల్లో ఊరి బావినే అలంకరిస్తారు. ఊట మీద కమానులా పచ్చని కొమ్మల దండలు కట్టి, గుడ్లు గుచ్చుతారు. బీబర్‌బాఖ్ అనే చిన్న ఊళ్లో చేత్తో రంగులు వేసిన గుడ్లు 11,000 దాటాయి, అది గిన్నిస్‌కెక్కింది. అదంతా సున్నపురాయి నేల, పడ్డ వాన పడ్డట్టే బండల్లోకి ఇంకిపోతుంది. పైపులు రాకముందు నీళ్లకి కటకటలాడిన ఊళ్లు. మా అమ్మది మాచర్ల వైపు, అక్కడా సున్నపురాయే. వేసవిలో బిందె మోసినవాళ్లకి బావికి దండ ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. నేను చూసిన ఈస్టర్ అలంకరణలన్నిటిలో నాకిదే ఎక్కువ నచ్చింది.

ఇక బల్ల. తెల్ల గుడ్డ, మధ్యలో కొమ్మల కూజా, విరిగిన గుడ్డు డొప్పల్లో దూది మీద మొలిపించిన హలీం మొక్కలు. వారంలో వేలెడెత్తు వస్తాయి, అక్కడికక్కడే కత్తిరించి వెన్న రాసిన రొట్టె మీద చల్లుకోవచ్చు. జడలా అల్లిన తీపిరొట్టె, హ్యామ్, పక్కనే బైయర్స్‌డోర్ఫ్ నుంచి వచ్చిన మేరెట్టిష్ దుంప తురుము. దాని ఘాటు నాలుక్కి తగలకుండా నేరుగా ముక్కులోకెళ్లి నడినెత్తిని అంటుతుంది. గుంటూరు మిరపకాయ మీద ఎంత ధీమా ఉన్నా ఇక్కడ పనికిరాదు. గొర్రెపిల్ల ఆకారపు కేకు అచ్చులో కాల్చి నిలబెడతారు. చెవి విరిగితే పుల్ల గుచ్చి పైన పంచదార పొడి జల్లుతారు. మా పిల్లలు ఆ విరిగిన చెవి కోసమే కొట్టుకుంటారు.

ఇక్కడి లూథరన్ చర్చిలో ఈస్టర్ ఆరాధన తెల్లవారుజామున అయిదింటికి, బయట మంట వెలిగించి మొదలవుతుంది. తర్వాత హాల్లో అందరూ కలిసి అల్పాహారం. మీరెప్పుడు లూథరన్ అయ్యారని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఇక్కడికొచ్చాకే అన్న నమ్మకంతో. ఈ జర్మనీలోనే హెల్మ్‌ష్టెట్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి, అక్కడి నుంచి 1842లో మా గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గురించి చెప్తాను. మా ముత్తాత కాలం నుంచీ అని తెలిశాక కాఫీ ఇంకో కప్పు పోస్తారు.

సోమవారం కూడా సెలవే. ఆ రోజు మా బల్ల తెలుగువాళ్లది. స్నేహితుల్లో సగం మంది హిందువులు, అందరికీ మటన్ పలావే కావాలి. శుక్ర, ఆది, సోమవారాలు దుకాణాలు మూత గనక మాంసం శనివారంలోపే కొనేయాలి. భోజనానికి ముందు గుడ్డుకు గుడ్డు ఢీకొట్టే పందెం, పెంకు పగలనివాళ్లది గెలుపు. ఓడిన గుడ్లన్నీ ఒక గిన్నెలో పడతాయి. మంగళవారం పొద్దున వాటిని ఒలిచి, గాట్లు పెట్టి, పసుపు వేసి నూనెలో వేయించి చింతపండు పులుసులో వేస్తాను. పెంకు పగిలిన చోట ఉల్లిరంగు లోపలికి దిగి చారలు పడి ఉంటాయి. పులుసులో అదీ కలిసిపోతుంది. పెద్దావిడకి ఒక డబ్బా పంపితే, కారం తగ్గించమని ఏటా చెప్తారు, ఏటా ఖాళీ డబ్బా కడిగి ఇస్తారు.